పాత మహీంద్రా జీపుకు వేరే ఇంజన్: ఎంపిక ఎలా, ఏ క్రమంలో

పాత జీపు ఉన్నవారికి ఏదో ఒక రోజు ఈ మాట వినిపిస్తుంది: "విజయవాడ ఆటోనగర్లో మంచి ఇంజన్ ఒకటి దిగింది సార్, మన బండికి సరిపోద్ది." మేస్త్రి చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. అయితే ఆ 'సరిపోద్ది'లో అయిదు ప్రశ్నలు దాగి ఉంటాయి. కాగితాలకు సరిపోతుందా, బానెట్ కింద పడుతుందా, గేర్‌బాక్సుతో కలుస్తుందా, యాక్సిళ్ల నిష్పత్తికి కుదురుతుందా, ఆ బండి చేయవలసిన పనికి పనికొస్తుందా అన్నవే అవి. చాలామంది ఇంజన్ కొని, షెడ్డుకు చేర్చి, పాతదాన్ని దించేసిన తరువాత వీటిని ఒక్కొక్కటిగా ఎదుర్కొంటారు. ఇక్కడ ఆ క్రమాన్ని తిరగేస్తున్నాను. ఇంజన్ ధర అడగడం దాదాపు చివరి పని.

మన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే రెండు బండ్లను ఉదాహరణగా తీసుకుంటాను. ఒకటి, ఎత్తయిన బానెట్ ఉన్న సీజే3బీ. రెండోది, ప్యూజో డీజిల్ ఇంజన్‌తో వచ్చిన ఎంఎం 540. చెప్పిన పద్ధతి మాత్రం పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి దేనికైనా వర్తిస్తుంది.

అసలు ఇంజన్ మార్చవలసిన అవసరం ఉందా

"బండికి లాగుడు లేదు" అన్న ఫిర్యాదుకు ఇంజన్ ఒక్కటే కారణం కానక్కరలేదు. క్లచ్ జారుతున్నా, బ్రేకులు పట్టేసి ఉన్నా, డీజిల్ చిమ్మే నాజిళ్లు కారుతున్నా, పంపు టైమింగ్ తప్పినా, సైలెన్సర్ లోపల మసితో పూడుకుపోయినా బండి అలాగే ప్రవర్తిస్తుంది. సమతల నేల మీద బండిని న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తోసి చూడండి. ఇద్దరు మనుషులు తోసినా సులువుగా కదలకపోతే, ముందు చక్రాల దగ్గరి లోపాలను సరిచేయాలి. పంపునూ నాజిళ్లనూ టెస్ట్ బెంచి మీద పెట్టించి, కంప్రెషన్ చూపించి, అప్పుడు కూడా ఇంజన్ పనైపోయిందని తేలితే రెండు దారులు ఉంటాయి. బ్లాకు, క్రాంకు బాగుంటే రీబోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయించడమే, నా అభిప్రాయంలో, పదింట ఏడు సందర్భాల్లో తెలివైన పని. బ్లాకు పగిలినా, క్రాంకు ఇక గ్రైండింగ్‌కు పనికిరానంతగా అరిగినా వేరే ఇంజన్ గురించి ఆలోచించవచ్చు.

కాగితాల ప్రశ్న ముందు తేల్చుకోవాలి

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా ఆర్‌సీలోని వివరాలు మారేలా వాహనాన్ని యజమాని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను ఖచ్చితంగానే వ్యాఖ్యానించింది. చట్టవిరుద్ధంగా మార్పు చేసిన యజమానికి సెక్షన్ 182ఎ ప్రకారం ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి అదే తయారీదారు, అదే రకం, అదే ఇంధనం అయిన ఇంజన్‌ను ఎంచుకున్నవారికి దారి ఎంతో సులువు. పెట్రోలు జీపులోకి ఇంకో కంపెనీ డీజిల్ ఇంజన్‌ను దించాలనుకునేవారు మాత్రం, పాతికేళ్ల కిందట అందరూ అలాగే చేశారన్న ధైర్యంతో ముందుకు వెళ్లకూడదు.

చేయవలసిన పని ఇది. ఏ ఇంజన్ వేయదలచుకున్నారో రాసి, రవాణా శాఖ కార్యాలయంలో ముందుగానే అనుమతి అడగండి. బండి మీద ఫైనాన్స్ ఉంటే వారి లిఖితపూర్వక అంగీకారం కూడా కావాలి. ఎందుకింత జాగ్రత్త అంటే, సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తరువాత అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. అంటే పాత జీపు తప్పించుకోలేని తనిఖీలు ముందే రాసిపెట్టి ఉన్నాయి. మన ఊళ్లలో ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలుచుకునే ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) మొదట చూసేది ఛాసిస్ నంబరు, ఆ తరువాత ఇంజన్ నంబరు. ఆర్‌సీతో పొంతన లేని ఇంజన్ ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా క్లెయిము దగ్గర కూడా చిక్కులు వస్తాయి.

బండిని కొలవడం

అమెరికాకు చెందిన విల్లీస్ సంస్థ 1953లో సీజే3బీని తెచ్చినప్పుడు దాని బానెట్ అంత ఎత్తుగా ఉండటానికి కారణం అందం కాదు, ఇంజనే. పాత ఇంజన్‌లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉండేవి. కొత్తగా వచ్చిన హరికేన్ ఇంజన్‌లో ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్‌లోనూ, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులోనూ ఉండటంతో దాని ఎత్తు పెరిగింది, బానెట్ కూడా పైకి లేచింది. ఆ ఎత్తు ఇప్పుడు మనకు కలిసివస్తుంది. పొడవు విషయంలో అంత సౌలభ్యం లేదు. సీజే3బీ వీల్‌బేస్ 80 అంగుళాలే కావడంతో ఇంజన్‌ను వెనక్కి జరిపిన కొద్దీ వెనక యాక్సిల్‌కు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టు పొట్టిదై, దాని కోణం నిటారుగా మారి, జాయింట్లు త్వరగా పోతాయి.

పాత ఇంజన్ బండిలో ఉండగానే ఈ కొలతలు తీసుకోండి. రేడియేటర్ లోపలి ముఖం నుంచి బెల్ హౌసింగ్ (ఇంజన్‌ను గేర్‌బాక్సుతో కలిపే గంట ఆకారపు డబ్బా) ముఖం వరకు ఎంత, ఛాసిస్ కమ్మీల మధ్య ఎంత, క్రాంకు పుల్లీ మధ్య నుంచి బానెట్ వరకు ఎంత, స్టీరింగ్ బాక్సుకూ ఇంజన్‌కూ మధ్య ఎంత ఖాళీ ఉందో నోటుబుక్కులో రాసుకోవాలి. కొత్త ఇంజన్‌కు ఎగ్జాస్ట్ మానిఫోల్డు, పంపు, సెల్ఫ్ మోటారు ఏ వైపు ఉన్నాయో కూడా చూడాలి. స్టీరింగ్ బాక్సు ఉన్న వైపే మానిఫోల్డు వస్తే వంపు పైపు కొత్తగా చేయించుకోవాలి, వేడికి స్టీరింగ్ బాక్సులోని గ్రీజు కరిగి కారకుండా అడ్డురేకు పెట్టించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది సంప్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి. జీపుకు ముందు యాక్సిల్ ఇంజన్ కిందనే ఉంటుంది. సంప్ లోతు భాగం ఇంజన్ వెనక వైపు ఉంటేనే యాక్సిల్‌కు చోటు దొరుకుతుంది. బండి నేల మీద కదలకుండా ఉన్నప్పుడు రెండు అంగుళాల ఖాళీ కనిపించిందని తృప్తి పడకూడదు. యాక్సిల్ హౌసింగుకూ, దాని మీద ఛాసిస్‌కు బిగించిన రబ్బరు స్టాపరుకూ మధ్య దూరం కొలవండి. అది మూడు అంగుళాలైతే, గుంటలో పడినప్పుడు యాక్సిల్ మూడు అంగుళాలు పైకి వస్తుందన్నమాట. సంప్‌కూ యాక్సిల్‌కూ మధ్య ఖాళీ అంతకన్నా ఎక్కువ ఉండాలి. నాకు తెలిసిన ఒక జీపులో ఈ కొలత తీసుకోలేదు. ఊళ్లో నెల రోజులు చక్కగా తిరిగిన ఆ బండికి, మొదటి వాగు దాటేటప్పుడు చక్రం రాళ్ల సందులో దిగి సంప్‌కు సొట్ట పడింది. పైకి చూస్తే చిన్న సొట్టే. లోపల ఆయిల్ పీల్చే జాలీ మాత్రం రేకుకు అతుక్కుపోయి, అవతలి గట్టు ఎక్కేలోపు ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి పడిపోయింది. ముందు డిఫరెన్షియల్ ఏ వైపుకు జరిగి ఉందో, దానికి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు సంప్ పక్క నుంచి ఎంత దగ్గరగా పోతుందో కూడా ఇదే విధంగా, యాక్సిల్ పైకి లేచిన స్థితిలో చూసుకోవాలి.

గేర్ల లెక్క

హార్స్‌పవర్ అంకె చూసి మోసపోయేది ఇక్కడే. పాత సీజే3బీకి మూడు గేర్ల టీ-90 గేర్‌బాక్సు, 5.38 నిష్పత్తి ఉన్న (టాప్ గేరులో ఇంజన్ 5.38 చుట్లకు చక్రం ఒక చుట్టు తిరిగే) యాక్సిళ్లు వచ్చేవి. 6.00-16 టైరు ఒక్క చుట్టుకు సుమారు 2.29 మీటర్లు ముందుకు వెళుతుంది. టాప్ గేరులో ఇంజన్ 3,200 ఆర్‌పీఎంతో తిరుగుతుంటే చక్రం నిమిషానికి 3,200ను 5.38తో భాగించగా వచ్చే 595 చుట్లు తిరుగుతుంది. అంటే గంటకు దాదాపు 82 కిలోమీటర్లు. డీజిల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే మహీంద్రా డీఐ ఇంజన్‌కు గరిష్ఠ శక్తి వచ్చే వేగం 3,200 ఆర్‌పీఎమ్మే. ఆ ఇంజన్‌ను ఈ యాక్సిళ్లతో నడిపితే హైవే మీద 80 దాటగానే ఇంజన్ అరుపు మొదలవుతుంది, 55 దగ్గర హాయిగా ఉంటుంది. అదే ఇంజన్‌కు 4.10 నిష్పత్తి ఉన్న యాక్సిళ్లు పెడితే ఆ ఆర్‌పీఎం వద్ద 107 వస్తుంది, కానీ బురదలో నెమ్మదిగా పాకే గుణం ఆ మేరకు తగ్గుతుంది.

ఆ పాకే గుణానికీ ఒక లెక్క ఉంది. టీ-90 మొదటి గేరు 2.80, నాలుగు చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు తక్కువ వేగపు (లో) రేంజి 2.46, యాక్సిల్ 5.38, ఈ మూడింటినీ గుణిస్తే 37 వస్తుంది. ఇంజన్ ఇచ్చే టార్కు (తిప్పే బలం) 37 రెట్లయి చక్రాలకు చేరుతుందన్నమాట. హరికేన్ ఇంజన్ ఇచ్చేది సుమారు 155 న్యూటన్ మీటర్లు. 2010లో వచ్చిన మహీంద్రా థార్‌లోని, కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే సీఆర్‌డీఐ ఇంజన్ 247 ఇస్తుంది. అంటే గేర్‌బాక్సు, క్రౌన్ పినియన్, యాక్సిల్ షాఫ్టులు తయారైన నాటికన్నా 1.6 రెట్ల భారాన్ని మోయాలి. డాంబరు రోడ్డు మీద టైరు జారుతుంది కాబట్టి పర్వాలేదు. రాళ్ల మధ్య చక్రం ఇరుక్కుని టైరు జారనప్పుడు ఏదో ఒకటి విరగాలి. ముందు యాక్సిల్ వెనకదాని కన్నా చిన్నది కాబట్టి అదే ముందు పోతుంది. బలమైన ఇంజన్ పెట్టదలచుకున్నవారు యాక్సిళ్లకూ, బ్రేకులకూ అయ్యే ఖర్చును ఇంజన్ ఖర్చులోనే కలిపి చూసుకోవాలి. పాత జీపు డ్రమ్ము బ్రేకులతో 110 వేగం గురించి కలలు కనడం నాకైతే భయంగానే ఉంటుంది.

ఏ ఇంజన్, ఎవరికి

ఎంఎం 540లో వచ్చిన ఎక్స్‌డీపీ 4.90 ఇంజన్ 2,112 సీసీది. బోరు 90 మి.మీ., స్ట్రోకు 83 మి.మీ. దాని తరువాతి ఎక్స్‌డీ3పీలో బోరు 94, స్ట్రోకు 90 అయి సామర్థ్యం 2,498 సీసీకి పెరిగింది. రెండూ ఒకే ప్యూజో కుటుంబానికి చెందినవి, రెండూ మహీంద్రా బండ్లలోనే వచ్చాయి. ఎంఎం 540 యజమాని మొదట వెదకవలసింది మంచి ఎక్స్‌డీ3పీనే అని నేను గట్టిగా చెబుతాను. బానెట్ కింద పెద్ద యుద్ధం ఉండదు, తయారీదారు మారడు, ఇంధనం మారదు. సీసీ తేడా గురించి మాత్రం ఆర్‌టీవో కార్యాలయంలో ముందే స్పష్టత తీసుకోవాలి. ఇది డీజిల్ ముందుగా ఒక చిన్న గదిలో మండే ప్రీ-ఛాంబర్ ఇంజన్ కాబట్టి హీటర్ ప్లగ్గులు బాగుండాలి, శబ్దం మృదువుగా ఉంటుంది, చురుగ్గా తిరుగుతుంది. దీని బలహీనత వేడి. హెడ్ అల్యూమినియంది, ఒక్కసారి గట్టిగా వేడెక్కితే వంగి గాస్కెట్ పోతుంది.

డీఐ ఇంజన్ స్వభావం వేరు. ఇంటర్నేషనల్ ట్రాక్టర్ ఇంజన్ల వంశంలోంచి వచ్చిన 2,523 సీసీ ఇంజన్ ఇది. బోరు 88.9 మి.మీ., స్ట్రోకు 101.6 మి.మీ. అన్న వింత అంకెలను అంగుళాల్లోకి మార్చి చూడండి, సరిగ్గా మూడున్నర, నాలుగు వస్తాయి; ట్రాక్టరు రక్తం అక్కడే కనిపిస్తుంది. థార్ డీఐలో దీని టర్బో రూపం 63 బీహెచ్‌పీ, 1,500 నుంచి 1,800 ఆర్‌పీఎం మధ్య 182.5 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. గోదావరి జిల్లాల బురద పొలాల్లో, ట్రైలరు లాగే పనిలో, మారేడుమిల్లి లాంటి ఘాట్లలో నెమ్మదిగా ఎక్కే పనిలో దీనికి వంక పెట్టలేము. అయితే అదురు ఎక్కువ. సన్నని పట్టీ ముక్కలతో ఇంజన్ ఫౌండేషన్లు (ఇంజన్‌ను ఛాసిస్ మీద నిలిపే ఆధారాలు) వెల్డింగ్ చేయిస్తే ఆరు నెలల్లో ఛాసిస్ కమ్మీకి చీలికలు వస్తాయి. మందపాటి పలకను కమ్మీ వెంట పొడవుగా అతికించి దాని మీద బ్రాకెట్ బిగించాలి.

సీఆర్‌డీఐ ఇంజన్ల ఆకర్షణ అందరికీ తెలిసిందే. వాటిని తీసుకునేటప్పుడు ఇంజన్ ఒక్కటే కాక ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), దానికి జతైన తాళం చెవి, పూర్తి వైరింగ్, యాక్సిలరేటర్ పెడల్, సెన్సార్లు అన్నీ ఒకే బండివి కావాలి. వైర్లను కత్తిరించి విడిగా అమ్ముతుంటే ఆ బేరం వదులుకోవడమే మంచిది. పైగా మెకానికల్ పంపున్న ఇంజన్ అడవి మధ్యలో ఆగితే స్పానరుతో గాలి తీసి స్టార్టు చేయవచ్చు, సీఆర్‌డీఐ ఆగితే లాప్‌టాప్ ఉన్న మనిషి కావాలి. వాగులు దాటే బండికి ఈ తేడా చిన్నది కాదు.

ఇక ఫోర్స్ ట్రాక్స్‌లో వచ్చిన మెర్సిడెస్ వంశపు ఓఎం616, హిందుస్తాన్ వారి ఇసుజు డీజిల్ వంటివి పాత జీపుల్లో కనిపిస్తూనే ఉంటాయి. మంచి ఇంజన్లే. అయితే ఇవి వేరే తయారీదారులవి కాబట్టి పైన చెప్పిన చట్టపు అడ్డంకి నేరుగా ఎదురవుతుంది. ఈరోజు కొత్తగా ఆ పని మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పను.

ఇంజన్ దగ్గర నిలబడి పరీక్షించడం

వీలైతే బండిలో ఉండగానే, నడుస్తున్న ఇంజన్‌నే చూడండి. వెళ్లగానే హెడ్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్టు చేసి ఉంచారన్నమాట. టీ తాగి, ఇంజన్ చల్లారిన తరువాత రండి. చల్లని ఇంజన్ ఎన్ని సెల్ఫ్‌లకు అందుకుందో, మొదటి నిమిషంలో ఏ రంగు పొగ వచ్చిందో మీ కళ్లతో చూడాలి. నీలి పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ ఇంజన్ వేడెక్కాక కూడా తగ్గకపోతే నాజిళ్లో, కంప్రెషనో, లేదా హెడ్ గాస్కెట్ గుండా నీరో కారణం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కాస్త నల్లపొగ రావడం పాత పంపులకు మామూలే.

తరువాత ఆయిల్ పోసే మూత విప్పి, బోర్లించి ఆ రంధ్రం మీదే పెట్టండి. మూత నెమ్మదిగా అదిరితే సరే. ఎగిరి కింద పడితే, లేదా గుప్పుగుప్పున ఆవిరి తన్నుకొస్తే, మేస్త్రీలు బ్యాక్ కంప్రెషన్ అనేది అదే. రింగులు, బోరు అరిగిపోయాయి. రేడియేటర్ మూత తీసి నీళ్లలో బుడగలు వస్తున్నాయేమో, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉందేమో చూడండి. కంప్రెషన్ గేజి పెట్టించినప్పుడు సిలిండర్ల మధ్య 10 శాతానికి మించి తేడా ఉండకూడదు. చివరగా, ఒకరు క్లచ్ తొక్కుతూ వదులుతూ ఉంటే మరొకరు క్రాంకు పుల్లీని గమనించాలి. అది కంటికి కనబడేలా ముందుకు వెనక్కు జరిగితే థ్రస్ట్ బేరింగ్ పోయింది.

నేల మీద విడిగా పడి ఉన్న ఇంజన్‌కు ఈ పరీక్షలు చేయలేము. దాన్ని పాడైన ఇంజన్‌గానే లెక్కగట్టి, పూర్తి ఓవర్‌హాలింగ్ ఖర్చు కలుపుకుని బేరమాడాలి. అమ్మే వ్యక్తి దగ్గర ఇంజన్ నంబరు రాసిన బిల్లు, అది ఏ బండి నుంచి వచ్చిందో తెలిపే ఆర్‌సీ నకలు తప్పనిసరి. నంబరు కొట్టిన పలక మీద గ్రైండింగ్ గీతలు కనిపిస్తే ఇంజన్ ఎంత బాగున్నా ముట్టుకోవద్దు.

ఇంజన్‌తో పాటు ఏమేమి తెచ్చుకోవాలి

ఇంజన్ ధర ఎంతో, మిగతా పనులకు కనీసం అంత పక్కన పెట్టుకోవాలన్నది నా అంచనా. బెల్ హౌసింగు, ఫ్లైవీలు, ప్రెషర్ ప్లేటు, సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్, ఫౌండేషన్ బ్రాకెట్లు అన్నీ ఆ ఇంజన్‌వే, ఆ రోజే తెచ్చుకోండి. పది రోజుల తరువాత అదే బెల్ హౌసింగు కోసం నాలుగు ఊళ్లు తిరగాల్సి వస్తుంది. గేర్‌బాక్సు పాతదే ఉంచితే ఇన్‌పుట్ షాఫ్టు పళ్ల సంఖ్యకు సరిపోయే క్లచ్ ప్లేటు, క్రాంకు చివర పైలట్ బుష్, మధ్యలో అడాప్టర్ ప్లేటు కావాలి. ఆ ప్లేటును లేతు మీద తిప్పించిన తరువాత, బిగించి, డయల్ గేజితో కేంద్రం చూపించుకోవాలి. మిల్లీమీటరులో రెండు మూడు పదో వంతుల తేడా కంటికి ఆనదు కానీ, గేర్‌బాక్సు ముందు బేరింగ్ మోతగా బయటపడుతుంది. కంటితో సరిచూశామనే షెడ్డుకు బండి ఇవ్వకండి.

పెట్రోలు నుంచి డీజిల్‌కు వెళ్లే బండిలో చాలామంది మరచిపోయేవి రెండు. డీజిల్ ఇంజన్‌లో బ్రేక్ బూస్టర్‌కు సరిపడా వాక్యూమ్ దానంతట అది పుట్టదు, కాబట్టి ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు ఉన్నది చూసి తీసుకోవాలి. రెండోది, నాజిళ్ల దగ్గర మిగిలిన డీజిల్ తిరిగి ట్యాంకుకు చేరే రిటర్న్ పైపు.

రేడియేటర్ విషయంలో పొదుపు పనికిరాదు. మే నెల ఎండలో లో గేరులో గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండికి ఎదురుగాలి ఉండదు; చల్లదనమంతా ఫ్యాను మీదే ఆధారపడుతుంది. ఫ్యానుకూ రేడియేటర్‌కూ మధ్య అంగుళం దూరం, ఫ్యాను చుట్టూ గాలిని మళ్లించే తొడుగు ఉండేలా చూసుకోవాలి.

ఇంజన్‌ను గొలుసుకు వేలాడదీసి బండిలోకి దించే ముందు ఇంకొక్క పని ఉంది. నంబరు పలకను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది రెండు మూడు అచ్చులు తీసుకోండి, ఫోటో కూడా తీయండి. ఇంజన్ దిగిన తరువాత ఆ పలకకు పంపో, ఫౌండేషన్ బ్రాకెట్టో అడ్డం వచ్చి, ఎంవీఐ గారు టార్చిలైటు వేసి వెదికినా దొరక్కపోవచ్చు. అలా అడ్డం వస్తుందని ముందే తెలిస్తే బ్రాకెట్టును నంబరు కనిపించేలా కోయించడం అప్పుడే, గొలుసు మీద ఉండగానే జరగాలి.